కుడిచక్రం మీద సుతిలి ముడి

పశువుల మేతకు పేర్చిన వేరుశనగ కట్టె వామిలోకి విమానాన్ని తోలుకుపోయి, ఒంటిమీద గీత పడకుండా బయటికి వచ్చిన మనిషి ముఖంలో ఇంత సంబరం ఉంటుందని కృష్ణాబాయి అనుకోలేదు. ఆదోనిలో మూతపడిన తన పత్తి జిన్నింగు మిల్లు వరండాలో, ఇంద్రసేనయ్య ఆమెకు ఎదురుగా కూర్చుని, అడిగిన ప్రశ్నను పక్కన పెట్టి, అరచేతిని నేలకు జానెడెత్తున పట్టి చూపిస్తున్నాడు.

“ఇంతెత్తు లేసింది మేడమ్. చక్రాల కింద నేల లేదు.”

“ఆ సంగతి ఇందాకటినుంచీ చెబుతున్నారు. నేనడిగింది బ్రేకు సంగతి.”

“బ్రేకు పట్టలేదు. లేసింది మాత్రం నిజం.”

కృష్ణాబాయి కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. ఆదోని కాలేజీలో ఏళ్ల తరబడి ఫిజిక్సు చెప్పి, ముందుగానే పదవీ విరమణ తీసుకుని, ఒక స్టేషనరీ దుకాణం మేడమీద డిటెక్టివ్ ఏజెన్సీ తెరిచిన మనిషి ఆమె. వచ్చేవాళ్లలో ఎక్కువమంది పెళ్లికొడుకు తాగుతాడా తాగడా అని కనుక్కోమనేవాళ్లే. అటువంటిది, ఇన్నాళ్లకు ఇంద్రసేనయ్య పుణ్యమా అని ఒక విమానం కేసు వచ్చింది. ఆ సంతోషం పైకి కనపడకుండా ఉండేందుకు ఆమె ఉదయం నుంచి ముఖాన్ని గంభీరంగా పెట్టుకుని తిరుగుతోంది.

జరిగింది చెప్పడానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. ఇంద్రసేనయ్య ఈ మిల్లు షెడ్డులోనే, విడిభాగాలూ ప్లానులూ తెప్పించుకుని, ఇద్దరు కూర్చునే చిన్న విమానం కట్టుకున్నాడు. చేతిసాయం హొళగుంద ట్రాక్టరు మెకానిక్కు లక్ష్మప్పది. నిన్న ఉదయం ఎమ్మిగనూరు బయట చదును చేసిన పొడవాటి పొలంలో మొదటి పరీక్ష. ముందు ఒకసారి పూర్తి వేగంతో నేలమీద పరుగెత్తి, బ్రేకు వేసి, వెనక్కి తిరిగి, రెండోసారి నిజంగా ఎగరాలన్నది ఏర్పాటు. పరుగు ఊపులో విమానం తనంతట తనే జానెడెత్తు లేచింది. ఇంద్రసేనయ్య ఇంజను తగ్గించి దింపాడు, రెండు కాళ్లతో బ్రేకులు తొక్కాడు. ఎడమ చక్రం పట్టింది, కుడి చక్రం పట్టలేదు. విమానం ఎడమకు గిర్రున తిరిగి, గట్టు దాటి, జయన్న అనే రైతు కట్టెవామిలో రెక్కలదాకా కూరుకుపోయింది.

అంతవరకు నవ్వుకోవలసిన విషయమే. కానీ బీమా కంపెనీ తరఫున కర్నూలు నుంచి విజయ్ అనే పరిశోధకుడు దిగాడు. ఎవరో కావాలనే బ్రేకు చెడగొట్టారనీ, ఆ పని లక్ష్మప్పదేననీ తేల్చేశాడు. ఈ సాయంత్రం అతను నివేదిక పంపాడంటే పోలీసు ఫిర్యాదు అవుతుంది. లక్ష్మప్ప స్టేషనుకు పోతాడు. విమానం సాక్ష్యపు వస్తువై, కోర్టు వ్యవహారం తేలేవరకు ఎక్కడో ఆరుబయట ఎండకు ఎండుతుంది, వానకు తడుస్తుంది. ఇంద్రసేనయ్యకు అరవై దాటాయి. ఎగరడానికి మళ్లీ సమయం చిక్కదన్న మాట ఆయన నోట రాలేదు గానీ, నేలకు జానెడెత్తున పట్టిన ఆ అరచేయి చెబుతూనే ఉంది.

“పరుగులో ఇంకేమైనా వింతగా అనిపించిందా? చిన్నదైనా సరే.”

ఇంద్రసేనయ్య ఆలోచించాడు. “వేగం పిడి పూర్తిగా తోసినప్పుడు ఒక్కసారి దగ్గినట్టయింది. ఇంజనా, నా గుండెనా తెలియల్యా. నా గుండేలే అనుకుంటి. ఆ పొద్దు దానికీ దగ్గే హక్కుండాది గదా.”

కృష్ణాబాయి నవ్వి లేచింది.

లక్ష్మప్ప షెడ్డులో, విమానం ఖాళీ చేసి పోయిన చోట, తలకిందులు చేసిన పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. ముఖం మాడ్చుకున్న మనిషిని మాట్లాడించడం పరీక్ష హాల్లో కాపీ కొట్టినవాణ్ని మాట్లాడించడం కంటే కష్టమని ఆమెకు తెలుసు. అందుకని నేరుగా అసలు మాటకే వచ్చింది.

“మొన్న సాయంత్రం సావుకారిని చస్తావన్నావంట గదా లక్ష్మప్పా?”

“అన్న్యా.”

“ఎందుకు?”

“నిజం గాబట్టి.”

ఆ తర్వాత అతను చెప్పుకొచ్చిన కథ ఇది. చక్రాల బ్రేకులకు నూనె తీసుకుపోయే పైపులు గట్టివి కావు, మెత్తని రబ్బరువి. వాటిని బిగువుగా లాగి కట్టకూడదు, మెడలో దండలాగా కొంచెం వేలాడనివ్వాలని ప్లానుల్లో బొమ్మ వేసి మరీ ఉంది. లక్ష్మప్ప ఆ బొమ్మ ప్రకారమే కట్టాడు. కానీ ఈ మిల్లులో వేలాడే వస్తువంటే ఎవరికీ గిట్టదు. పత్తిబేలు వదులుగా పోయిందంటే కొన్నవాడి దగ్గర పరువు పోయినట్టే. ఇంటిల్లిపాదీ వచ్చి, అదేమప్పా అట్ల జోలాడతాండాది, బిగియ్యరాదా అనేవాళ్లే. చివరికి విసుగు పుట్టి, బిగిస్తే చస్తావు సావుకారీ, నేను మాత్రం ముట్టను పో అన్నాడు. ఆ మాటలో ‘బిగిస్తే’ అన్న ముక్క వదిలేసి ‘చస్తావు’ అన్న ముక్క మాత్రం విజయ్‌కి ఎవరో చేరవేశారు.

“నీ పానాల పెట్టెకు తాళం ఉంది గదా. తాళంచెవి నీ దగ్గరే ఉంటుందని విజయ్ రాసుకున్నాడు.”

లక్ష్మప్ప మొదటిసారి పెదవి కొసన నవ్వాడు. తను కూర్చున్న పెట్టెను తిప్పి నిలబెట్టి, మూత మీద పిడికిలితో ఒక్కటి వేశాడు. తాళం తాళంగానే ఉంది. మూత తెరుచుకుంది.

“ఈ గుద్దు ఎవరికి తెలుసు?”

“ఆదోనిలో ఎవరికి తెలీదో అడగమ్మా.”

మిల్లును ఆనుకున్న ఇంట్లో, వంటింటి గడపలో ఇంద్రసేనయ్య భార్య అన్నపూర్ణ టిఫిన్ క్యారియర్ సర్దుతోంది. భర్త విమానాల పుస్తకాలు చదువుకుంటున్న ముప్పై ఏళ్లూ, పత్తిని ఒత్తి బేళ్లు కట్టే ప్రెస్సును నడిపింది ఆవిడే. ఆవిడ కట్టించిన బేలు ఎంత దూరం పోయినా ఉబ్బేది కాదని మార్కెట్టులో ఇప్పటికీ చెప్పుకుంటారు. మనిషి పొట్టి, మాట పొట్టి.

నిన్న పొద్దున విమానాన్ని అందరికంటే చివర ముట్టుకున్నది ఎవరని కృష్ణాబాయి అడిగింది.

“నేనే. బొట్లు పెట్టినా. ముక్కుకు, రెక్కలకు, చక్రాలకు. టెంకాయ కొట్టి ఇవతలికి వచ్చినా.” మాట్లాడుతూనే ఆవిడ క్యారియర్ చుట్టూ సుతిలి తాడు రెండు చుట్లు తిప్పి, ఒక్క లాగు లాగి, కొస ఎక్కడికో మాయం చేసింది. “బొరుగుల ఉగ్గాని, బజ్జీలు పెట్టినా. ఎమ్మిగనూరికి నేనూ వస్తా. ఆ లక్ష్మప్ప పాపం నిన్నటినుంచీ ఏమీ తినల్యా. వాడిమీద నింద పడితే మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు.”

నలుగురూ ఒకే కారులో బయల్దేరారు. దారి పొడుగునా ఇంద్రసేనయ్య ఆ జానెడెత్తును గురించే చెప్పాడు. ఎమ్మిగనూరు దగ్గరపడేసరికి అది మూరెడైంది.

*

విమానాన్ని వామిలోంచి వెనక్కి లాగి గట్టు పక్కన నిలబెట్టారు. దాని ముక్కుకు ఇంకా కట్టె పోచలు వేలాడుతున్నాయి, వాటి కింద అన్నపూర్ణ పెట్టిన కుంకుమ బొట్టు. వామికి విమానం ముక్కు పరిమాణంలో గుహలాంటి బొక్క పడింది. జయన్న దాన్ని పూడ్చనివ్వడం లేదు. నిన్నటినుంచీ చూడవచ్చిన వాళ్లందరికీ అదే చూపిస్తున్నాడు.

“ఇంత కట్టె పాడైందని నాకేం బాధ లేదు మేడమ్మా. మా బర్రె మాత్రం ఆ పక్క కట్టె తినడం మానేసింది. పెట్రోలు వాసనంట దానికి.”

రెక్క నీడలో కుర్చీ వేసుకుని విజయ్ కూర్చున్నాడు. మడత నలగని తెల్లచొక్కా, మోకాళ్ల మీద కంప్యూటరు. కృష్ణాబాయిని చూసి మర్యాదగా లేచాడు.

“రండి మేడమ్. కోడుమూరు కేసు తర్వాత మళ్లీ ఇక్కడ కలుస్తున్నాం.”

“కోడుమూరులో మీరు గెలిచారు. ఆ ఊరి పేరు ఎత్తకుండా నాకు ఒక్కసారైనా నమస్కారం పెట్టలేరా?”

“ఇవాళ రెండోసారి గెలిస్తే ఎమ్మిగనూరు పేరు ఎత్తుతాను.”

“కర్నూలులో ఉండే మనిషి, నిన్న దుమ్ము అణగకముందే ఇక్కడ దిగినారని జయన్న చెబుతున్నాడు. మీకూ రెక్కలున్నాయా?”

“నాకు కబురు అందించేవాళ్ల సంగతి నేను చెప్పను. మీరైనా చెప్పరు.”

అది న్యాయమే గనుక కృష్ణాబాయి వాదించలేదు. అతను చేసిన మంచి పనిని కూడా గమనించింది. వచ్చీరాగానే ఇంజను మూతకు నాలుగు వైపులా కాగితం సీళ్లు అంటించి, వాటిమీద అడ్డంగా సంతకాలు చేశాడు. చక్రాల చుట్టూ తాడు కట్టి ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. అహంకారం ఉన్న మనిషే గానీ అజాగ్రత్త లేని మనిషి.

జయన్న గొంగడి పరిచాడు. కృష్ణాబాయి చీర కుచ్చెళ్లు దోపుకుని, వెల్లకిలా పడుకుని, పళ్లడాక్టర్లు వాడే చిన్న అద్దమూ టార్చిలైటూ పట్టుకుని విమానం కిందికి పాకింది. ఆ వయసులో అలా పాకడం ఆమెకు ఎంత ఇష్టంగా ఉందో చూస్తున్నవాళ్లలో ఎవరికీ తెలియలేదు.

ముందు ఎడమ చక్రం. నల్లటి రబ్బరు పైపు పైనుంచి దిగి, కొంచెం బొజ్జ పెట్టి, చక్రం దగ్గరికి చేరింది. దానిని పట్టి ఉంచేది నీలిరంగు నట్టు. లక్ష్మప్ప ఎప్పుడూ రెండు పానాలు వాడతాడు, ఒకటి పైపును కదలకుండా పట్టడానికి, ఒకటి నట్టు తిప్పడానికి. రెండింటి నోళ్లకూ గుడ్డ చుడతాడు. నట్టు మీద ఒక్క గీత లేదు.

తర్వాత కుడి చక్రం. ఇక్కడ పైపుకు బొజ్జ లేదు. వీణతీగలా నిటారుగా లాగి ఉంది, మధ్యలో సుతిలితో చక్రపు కాలికి బిగించి ఉంది. కింది కొసన పైపు తన లోహపు కంఠం నుంచి సగం ఊడివచ్చింది. అక్కడినుంచి కారిన ఎర్రటి బ్రేకు నూనె చక్రమంతా పట్టి, దుమ్ముతో కలిసి ఎండిపోయింది. నీలి నట్టు మూలల దగ్గర రంగు లేచి, వెండిలాగా కొత్త గీతలు మెరుస్తున్నాయి.

“చూశారుగా,” పైనుంచి విజయ్ గొంతు వినిపించింది. “ఎడమ నట్టు శుభ్రంగా ఉంది, కుడి నట్టు మీద గీతలు. పని పూర్తయ్యాక ఎవరో మళ్లీ పానా పెట్టారు. పానాలు లక్ష్మప్పవి. చంపుతానన్నట్టు మాట్లాడింది లక్ష్మప్ప. ఆ సుతిలి పల్లెటూరి పనితనం కూడా అతనిదే.”

“గీతలున్నాయి. ఏ వైపున్నాయో చూశారా?”

“అంటే?”

“నట్టుకు ఆరు ముఖాలు. బిగించేటప్పుడు పానా ప్రతి ముఖానికీ ఒక అంచు దగ్గర నొక్కుతుంది. వదులు చేసేటప్పుడు రెండో అంచు దగ్గర నొక్కుతుంది. కిందికి వచ్చి చూడండి, చొక్కాకు దుమ్ము అంటినా ఫరవాలేదనుకుంటే.”

విజయ్ ఒక క్షణం చొక్కా వైపు, ఒక క్షణం గొంగడి వైపు చూసి, పాకివచ్చాడు. అద్దంలో ఇద్దరూ ఒకేసారి చూశారు. గీతలన్నీ బిగించే వైపునే ఉన్నాయి.

“బ్రేకు చెడగొట్టదలచినవాడు నట్టు బిగిస్తాడా విజయ్?”

“ఎక్కువ బిగించి కూడా చెడగొట్టవచ్చు. ఫిజిక్సు మీరే చెప్పారు గదా.”

ఆ జవాబు బాగుంది. బాగుందని ఒప్పుకోకపోవడం ఆమెకు చేతకాదు. ఒప్పుకుంది. ఇద్దరూ బయటికి పాకివచ్చి దుమ్ము దులుపుకున్నారు. విజయ్ నివేదిక పంపడానికి కంప్యూటరు మూత తెరిచాడు. లక్ష్మప్ప కారు పక్కన, ఎటూ చూడకుండా నిలబడి ఉన్నాడు. అన్నపూర్ణ అతని చేతికి నీళ్లచెంబు ఇచ్చి, ముందు తిను, తర్వాత జైలుకు పోదువులే అంటోంది.

తిండి మాట వినగానే కృష్ణాబాయికి కూడా ఆకలి వేసింది. క్యారియర్ తానే విప్పుతానని తీసుకుంది. సుతిలి కొస కోసం ఒక వైపు వెతికింది, రెండో వైపు వెతికింది. కొస లేదు. గోరుతో గీకింది, పంటితో పట్టబోయింది. లోపల బజ్జీల వాసన వస్తోంది, బయట దారి లేదు.

“అది అట్ల రాదమ్మా,” అని జయన్న నవ్వాడు. “ఆదోని బేలు ముడి. ఎంత దూరం పోయినా దేనికీ తగులుకోకుండా కొస లోపలికి దాసేస్తారు. కత్తితో కొయ్యాల్సిందే.”

కృష్ణాబాయి చేతులు ఆగిపోయాయి.

క్యారియర్‌ను అలాగే చేత పట్టుకుని, ఆమె మళ్లీ గొంగడి మీదికి పాకింది. కుడి చక్రపు కాలి మీది సుతిలిని అద్దంలో చూసింది. రెండు చుట్లు, ఒక లాగు, కొస మాయం. చేతిలోని దాన్ని చూసింది. రెండు చుట్లు, ఒక లాగు, కొస మాయం.

బయటికి వచ్చి, ఎవరివైపూ వేలు చూపకుండా, మెల్లగా అడిగింది. “అన్నపూర్ణమ్మా, బొట్టు పెట్టేటప్పుడు కుడిచక్రం దగ్గర ఇంకేమైనా చేశారా?”

“ఇంకేముంటాది,” అని మొదలుపెట్టిన అన్నపూర్ణ మధ్యలో ఆగింది. “ఆ పైపు ఏలాడతాండె. చూడలేకపోతి. నా ప్రెస్సు నుంచి ఏలాడే సరుకు ఏ పొద్దూ బయటికి పోల్యా. ఈయన ఎక్కే దాన్ని ఎట్ల పోనిస్తా? పెట్టె మీద ఒక గుద్దు గుద్ది పానా తీసి నట్టు ఒక పట్టు పట్టినా. పైపును లాగి కట్టినా. ఎడమపక్కదీ కట్టేదాన్నే, అంతలో ఈయన ఎక్కేసె.”

“నిన్నటినుంచీ ఎందుకు చెప్పలేదు?”

ఆవిడ ముఖంలో ఉన్నది నిజమైన ఆశ్చర్యం. “చెప్పేదానికేముంది? ఎవరో ఊడగొట్టినారని గదా అంటాండేది. నేను బిగిస్తి. బిగించింది ఎట్ల ఊడుతాది?”

విజయ్ వేళ్లు కంప్యూటరు మీద నిలిచిపోయాయి. కృష్ణాబాయి జయన్న వైపు తిరిగింది. “బర్రెను గుంజకు కట్టేటప్పుడు తాడు వదులుగా ఎందుకు విడుస్తావప్పా?”

“మెడ తిప్పాల గదమ్మా. లేకుంటే గుంజనే పీక్కుంటాది.”

“అంతే. విమానం జానెడెత్తు నుంచి దిగి చక్రాలు నేలకు తాకగానే దాని కాళ్లు రెండు పక్కలకూ విచ్చుకుంటాయి. బ్రేకు తొక్కగానే పైపులో ఒత్తిడి పెరిగి పైపు మరికొంచెం పొట్టిదవుతుంది. ఎడమ పైపుకు మెడ తిప్పుకునే చోటుంది, తట్టుకుంది. కుడి పైపుకు లేదు, కంఠం పీక్కుంది. ఇందులో నేరస్థుడు లేడు విజయ్. ఒక మంచి ప్రెస్సు యజమానురాలు ఉంది.”

అన్నపూర్ణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ ఏడుస్తుందనే అందరూ అనుకున్నారు. ఇంద్రసేనయ్య ముందుగా నవ్వాడు. పొట్ట పట్టుకుని, గట్టు మీద కూలబడి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. నలభై ఏళ్ల కాపురంలో తనను ఇంత గట్టిగా ఎప్పుడూ కట్టెయ్యలేదని భార్యను ఎత్తిపొడిచాడు. ఆవిడ, ఇంకా గట్టిగా కట్టాల్సింది, అన్నది. లక్ష్మప్ప కత్తి తీసి క్యారియర్ సుతిలి కోసి, అందరికంటే ముందు తానే ఒక బజ్జీ నోట్లో వేసుకున్నాడు.

విజయ్ కంప్యూటరు మూసి, లక్ష్మప్ప ఎదురుగా నిలబడి, పొరపాటు పడ్డానని ఒక్క మాటలో చెప్పాడు. లక్ష్మప్ప నోరు నిండా ఉన్నందువల్ల జవాబు చెప్పలేక, క్యారియర్ గిన్నె అతని వైపు తోశాడు. విజయ్ ఒక బజ్జీ తీసుకున్నాడు. తెల్లచొక్కా మీద అప్పటికే దుమ్ముంది గనుక నూనె మరక గురించి అతను బెంగపెట్టుకోలేదు.

“ఎమ్మిగనూరు పేరు ఇక నేను ఎత్తవచ్చునా?” అని కృష్ణాబాయి అడిగింది.

“ఎత్తండి. కోడుమూరుతో సరి.”

ఇంద్రసేనయ్య అప్పటికే లేచి నిలబడ్డాడు. కొత్త పైపు వేసేస్తే రేపే ఎగరవచ్చునని, ఇప్పుడు మాత్రం ఇంజను ఒక్క నిమిషం తిప్పి దాని గొంతు విందామని అంటున్నాడు. ఇంజను తాళంచెవి చేతిలోకి వచ్చేసింది.

“ఒక్క నిమిషం,” అన్నది కృష్ణాబాయి. “అన్నపూర్ణమ్మా, ఇంజను దగ్గర కూడా ఏమైనా బిగించారా? నిజం చెప్పండి, ఎవరూ ఏమీ అనరు.”

“ఆ మూత తీసేది నాకు రాదమ్మా.”

నమ్మకం ఉన్నా చూడకుండా వదలడం ఆమె స్వభావంలో లేదు. విజయ్ తన సీళ్లను స్వయంగా పరిశీలించి, నాలుగూ చెక్కుచెదరలేదని చూపించి, కోశాడు. లక్ష్మప్ప మూత ఎత్తాడు. వెచ్చటి లోహపు వాసన వచ్చింది. పెట్రోలు తీసుకుపోయే మెత్తని పైపు లక్ష్మప్ప కట్టినట్టే బొజ్జ పెట్టి, హాయిగా వేలాడుతోంది. సుతిలి లేదు. అందరూ తేలికపడ్డారు.

కృష్ణాబాయి టార్చి వెలుతురు పైపు వెంబడి నడిచి, పైకొసన నీలి నట్టు దగ్గర ఆగింది. మూలల దగ్గర రంగు లేచి, వెండిలాగా గీతలు మెరుస్తున్నాయి. ఆమె అద్దం తిప్పింది. ఆ గీతలు బిగించే అంచున లేవు. రెండో అంచున ఉన్నాయి.

ఆమె పానా అడగలేదు. రెండు వేళ్లతో నట్టును పట్టుకుంది. అది సీసా మూతలా తిరిగింది.

“ఇంద్రసేనయ్యగారూ, ఆ తాళంచెవి నాకివ్వండి.”

ఆయన ఇచ్చాడు. ఆమె గొంతులో వచ్చిన మార్పును మొదట పట్టుకున్నవాడు విజయ్. తొంగిచూసి, నట్టును తానూ తాకి, చేయి వెనక్కి తీసుకున్నాడు. సీళ్లు తను వేసినవి. నిన్నటినుంచీ ఈ మూత ఎవరూ తెరవలేదని అందరి ముందూ ప్రమాణం చేయగలిగినవాడు అతనే. అంటే ఈ నట్టు వదులైంది పరుగుకు ముందే. పూర్తిగా తోసినప్పుడు ఇంజను దగ్గింది ఇందుకే. పెట్రోలుకు బదులు గాలి పీల్చుకున్నది. నేలమీద ఒక్క దగ్గుతో పోయింది. రెండోసారి నిజంగా ఎగిరి, ఆకాశంలో అదే ఇంజనును అంతసేపు పూర్తిగా తోసి ఉంటే, అది దగ్గి ఊరుకునేది కాదు.

“ఆ సుతిలి ముడి లేకుంటే,” అని లక్ష్మప్ప మొదలుపెట్టి, మిగతా మాట మింగేశాడు.

కుడి బ్రేకు పట్టి ఉంటే ఆయన వెనక్కి తిరిగి ఎగిరేవాడు. అన్నపూర్ణకు ఆ సంగతి అర్థమవుతున్న కొద్దీ, ఆవిడ చేయి భర్త చొక్కా అంచును వెతుక్కుని పట్టుకుంది.

కృష్ణాబాయి విజయ్ వైపు తిరిగింది. “ఇందాక నేనడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు కావాలి. మీకు కబురు ఎవరు చెప్పారు?”

విజయ్ తన చేతిలోని సీలు ముక్కలను జేబులో వేసుకున్నాడు. “పేరు చెప్పలేదు. ఫోను చేశారు. అందులో మాట చూచాయగా లక్ష్మప్ప మీదికే పోయేటట్టు ఉంది. చేసిన పనికి భయపడి అతనే పేరు దాచి ఫోను చేసి ఉంటాడని అనుకున్నాను. అందుకే అంత నమ్మకంగా ఉన్నాను.”

“ఎప్పుడు చేశారు?”

“తెల్లవారకముందు. కర్నూలులో నేనింకా నిద్ర లేవలేదు.”

పొద్దు బాగా ఎక్కాకగానీ విమానం కదలలేదు. తెల్లవారకముందు లక్ష్మప్ప ఈ పొలంలోనే, ఇంద్రసేనయ్య పక్కనే, విమానాన్ని తోస్తూ ఉన్నాడు. అతని ఫోను ఆదోనిలో, మిల్లులోనే ఉండిపోయింది. ఆ మాట లక్ష్మప్పా, ఇంద్రసేనయ్యా ఇద్దరూ ఒకేసారి చెప్పారు.

“ఆ ఫోనులో చెప్పిన మాటలు, అక్షరం మార్చకుండా చెప్పండి,” అన్నది కృష్ణాబాయి.

“ఇంద్రసేనయ్య విమానం ఆకాశంలోంచి పడిపోయింది, ఎమ్మిగనూరికి వెంటనే రండి, నట్లు బిగించినవాణ్ని అడగండి, అన్నారు. వచ్చి వామిలో చూసి, కంగారులో పెంచి చెప్పారనుకున్నాను. ఎన్నింటికి జరిగిందో అడగనే లేదు.” విజయ్ గొంతు తగ్గింది. “అది అప్పటికి కదలను కూడా లేదు మేడమ్.”

గట్టు మీద గాలికి కట్టె పోచలు కదిలాయి. ఎవడో ఒకడు, చీకట్లో, పడబోయే విమానాన్ని పడినట్టే చెప్పాడు. అది పడలేదన్న సంగతి ఈపాటికి అతనికి తెలిసే ఉంటుంది. చక్రాల మీద కుంకుమ బొట్లు ఇంకా చెరగలేదు.

ఇంద్రసేనయ్య ఆ మాటలను మెల్లగా నములుతున్నట్టు నిలబడ్డాడు. భయపడవలసిన చోట ఆ ముఖంలో మళ్లీ పొద్దుటి వెలుగే వచ్చింది. చొక్కా అంచును పట్టుకున్న భార్య చేతిమీద తన చేయి వేశాడు.

“అయితే మేడమ్,” అన్నాడు, “ఈ సీమలో మన ఇమానం ఎగురుతాదని మాకంటే ముందు నమ్మినోడు ఒకడుండాడన్నమాట. వాణ్ని నాకు పట్టియ్యండి. వాడి ముందరే ఎగరాల.”